మూడో నంబరు మిషన్ మీద కత్తి యుద్ధం

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ ఆటలో కత్తి అంత నిదానంగా ఎందుకు దిగుతోందో, వ్యాసం నాగపూర్‌కు పోస్టు చేయకముందే నాకు తెలిసింది. తెలిసి కూడా అందులో ఒక్క అక్షరం మార్చలేదు.

వ్యాసం కింద పేరు మా కాకది. కాక అంటే మా నాన్న తమ్ముడు, నాన్నను మేం బాపు అంటాం. మరాఠీలో కూడా ఆ పిలుపు అదే కాబట్టి ఇంట్లో మేమూ, గేములాడటానికి వచ్చే పిల్లలూ, వాళ్లను వెతుక్కుంటూ వచ్చే తండ్రులూ అందరం ఆయనను కాకా అనే పిలిచేవాళ్లం. చంద్రపూర్‌లో జట్‌పురా గేటు లోపల మాకు బట్టల దుకాణం ఉంది. తాత రాజురా నుంచి మూటలు మోసుకొచ్చి పెట్టిన దుకాణం. కాక నాగపూర్‌లో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చాక ఇక గద్దె మీద కూర్చోనన్నాడు. దుకాణం పక్కనే చీరెల మూటలు పెట్టుకునే చిన్న మడిగె గది ఒకటి ఉండేది. అది తనకు ఇమ్మన్నాడు. వారం తర్వాత ఒకరోజు తాత అన్నం తింటూ అన్నాడు.

"దీపావళి దాకా చూస్త. అప్పటికి నీ గురించి ఊర్ల నాలుగు మంచి మాటలు వినబడాలె. లేకుంటే మల్ల గా మడిగెల చీరెల మూటలే పడ్తయి."

"అప్పుడు నేనేడ పడాలె?" అన్నాడు కాక.

"నువ్వు గూడ మూటల్లనే. బట్ట కొలిచెటోడు ఒకడు తక్కువనే ఉన్నడు."

ఆ సంవత్సరమంతా మా ఇంట్లో దీపావళి అంటే అదే అర్థం.

మడిగెలో మూడు మిషన్లు పెట్టాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి, తెర తీసి లోపలికి రావాలి. మొదటి రెండింటి మీద టైపింగ్, లెక్కల క్లాసులు. మూడో నంబరు గేములకు. సీడీ పట్టేది, స్పీకర్లు ఉండేది అదొక్కటే. ఆ రోజుల మిషన్లకు ముందువైపు ఒక బటన్ ఉండేది. ఒకసారి నొక్కితే మిషన్ పూర్తి వేగంతో నడుస్తుంది, మళ్లీ నొక్కితే సగానికి తగ్గుతుంది. మా దగ్గరున్న పాత కారు ఆట ఇంకా పాత మిషన్ల కోసం చేసింది. పూర్తి వేగంలో పెడితే, ఎదురొచ్చే లారీ కనబడకముందే కారు గుద్దుకునేది. అరగంటకు వచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో లేచి గొడవ చేసేవారు. అందుకని కాక మూడో నంబరును సగం వేగంలో ఉంచి, ఎవరూ వేలు పెట్టకుండా ఆ బటన్ మీద నా టిక్లి ఒకటి అంటించాడు. టిక్లి అంటే నుదుట పెట్టుకునే బొట్టుబిళ్ల. దసరాకు మిషన్లకు పసుపు కుంకుమ పెట్టడం ఉన్నదే కనుక అది ఎవరికీ వింతగా తోచలేదు. దాన్ని వేలితో తాకి కళ్లకద్దుకుని ఆట మొదలుపెట్టేవాళ్లు కూడా ఉండేవారు. కొన్ని నెలలు గడిచేసరికి అది అక్కడ ఎందుకుందో కాక కూడా మరచిపోయాడు.

తెరల ముందు నల్లటి అద్దాలు కూడా ఉండేవి, కళ్లు పాడవకుండా. ఆ అద్దాల మీద రోజూ గనుల బొగ్గు పొడి పేరుకునేది. దుకాణంలో మిగిలిన పలచటి మల్లు గుడ్డ ముక్కలతో వాటిని తుడవడం నా పని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం దుకాణాలు మూసినప్పుడు ఇంకోసారి.

నేను అప్పుడు బి.ఎ. రెండో సంవత్సరం. చదువంతా మరాఠీలో. తెలుగు చదవడం బడిలో ఎవరూ నేర్పలేదు. సిరిసిల్ల నుంచి వచ్చే బట్టల పార్సిళ్లకు చుట్టిన పేపర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. డైరీ తెలుగులో రాసేదాన్ని. ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ చదవగలిగేది తాత ఒక్కడే, తాతకు చూపు తగ్గింది. అందువల్ల డైరీని దిండు మీద వదిలేసినా భయం ఉండేది కాదు. జిల్లా లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలను మాత్రం చీరె మడతల్లో దాచేదాన్ని. చదువుతున్నప్పుడు ఎవరైనా వచ్చి ఏం చదువుతున్నావని అడుగుతారని. అడిగితే జవాబు చెప్పాలి. నాకు జవాబు తెలిసే ఉండేది, కానీ అది నోటిదాకా వచ్చేసరికి అడిగినవాళ్లు ఇంకో మాటలోకి వెళ్లిపోయేవారు.

మే నెలలో కాక నాగపూర్ నుంచి ఒక సీడీ తెచ్చాడు. రుమాలులో చుట్టి, అంగీ లోపల పెట్టుకుని తెచ్చాడు. దాని మీద బొమ్మ లేదు, పేరు లేదు. నల్ల స్కెచ్ పెన్నుతో ఒక నంబరు మాత్రం వేసి ఉంది.

"ఇది ఇంకా బయటికి రాలె బిడ్డా," అన్నాడు. "దసరా ముంగట వస్తదట. పేరు గూడ ఖాయం కాలె. సప్లై చేసెటాయన మనసొంటి నాలుగైదు దుకాన్లకు ఇచ్చిండు. చూసి, ఎట్లున్నదో రాసి పంపుమన్నడు. ఎవరిది మంచిగుంటే వాళ్లది ఆయన పత్రికల అచ్చేస్తడు. వాళ్ల మడిగెలనే జిల్లాల మొదటిసారి ఆట పెడ్తడు. కొత్త మిషన్ గూడ ఆయనే తెస్తడు."

"ఏముందట అందుల?"

"కొట్లాట. కొట్లాట ఎట్లున్నది, బొమ్మలెట్లున్నయి, గీ రెండే రాయాలె."

"నువ్వు చూస్తివా?"

"నేను చూస్తే నాకేమర్థమైతది? చాన్ ఆహే, మంచిగున్నది అని రాస్త. మా మాస్టరు నేను రాసిన వ్యాసం చదివి పేపరు మల్ల నా చేతిల పెట్టిండు, గుర్తున్నదా? నువ్వు రాయి. పది రోజులున్నయి."

వంటింట్లోంచి అమ్మ వింటోంది. "ఆడపిల్ల కూసోని కత్తుల కొట్లాట చూసుడేంది? ఎవరన్న చూస్తే?"

"రాసేది నేనే వదినా. అది అక్షరాలు దిద్దుతది, గంతే."

"మరి నువ్వే చూడరాదు?"

"మధ్యాన్నం పూట నాకు నిద్రొస్తది," అన్నాడు కాక. అది నిజమే.

మే నెలలో చంద్రపూర్‌లో ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. షట్టరు సగం దించి, కూలర్‌లో నీళ్లు పోసి, తెర వేసి మూడో నంబరు ముందు కూర్చున్నాను. ఆ మిషన్ ముందు అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు, తుడవడం తప్ప.

మొదటి రోజు డైరీలో రాసుకున్నది ఇది:

"కొండ లోయ మీద చెక్క వంతెన. వాన. కొంచెం పైనుంచి, పక్కగా నిలబడి చూస్తున్నట్టుంది. మనం నడిపే మనిషికి పొడవాటి సన్నటి కత్తి ఉంది. బాణాల మీటలతో నడుస్తాడు. ఒక మీట కొట్టడానికి, ఒకటి ఎదుటివాడి దెబ్బ ఆపడానికి. మూడుసార్లు చచ్చిపోయాను. మొదటిసారి ఏ మీట ఎక్కడుందో వెతుక్కుంటూ. రెండోసారి వాన చూస్తూ. మూడోసారి కూడా వాన చూస్తూనే. చావు ఇలా ఉంటుంది: ముందు మోకాళ్లు వంగుతాయి, తర్వాత చేతిలోంచి కత్తి జారుతుంది, తర్వాత మనిషి పక్కకు ఒరుగుతాడు. పడ్డ మనిషి మీద వాన ఆగదు. దీన్ని చేసినవాళ్లు ఎవరో గానీ ఆ సంగతి మరచిపోలేదు."

రెండో రోజు వంతెన దాటాను. మొదటి శత్రువు బల్లెం పట్టుకున్నవాడు. వాడు పొడిచే ముందు కుడి భుజం కిందికి దిగుతుంది. చాలా కొద్దిగా. అది దిగి, బల్లెం ముందుకు రావడానికి మధ్య ఒక మనిషి గుటక వేసేంత సమయం ఉంది. ఆ లోపల ఆపే మీట నొక్కితే బల్లెం పక్కకు జారుతుంది, వాడు ఒక అడుగు ముందుకు తూలుతాడు. అప్పుడు కొట్టాలి. బాపు తానులోంచి బట్ట చింపేటప్పుడు ముందు అంచున చిన్న గాటు పెట్టి, ఒక్క క్షణం ఆగి, తర్వాత రెండు చేతులూ లాగుతాడు. నా మనిషి కత్తి దించడం అలాగే ఉంది. పైకెత్తడం ఒకటి, పైన ఆగడం ఒకటి, దిగడం ఒకటి. మూడూ వేరువేరుగా కనిపిస్తాయి.

వంతెన అవతల సంత వీధి. చెక్క ఇళ్లు, వేలాడే దీపాలు, మూసిన దుకాణాలు. ఇక్కడ రెండు చేతుల్లో రెండు చిన్న కత్తులున్నవాడు వస్తాడు. వాడు భుజంతో చెప్పడు, పాదంతో చెబుతాడు. ఎడమ పాదం మడమ లేస్తే ఎడమ కత్తి వస్తుంది. అది కనిపెట్టడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. రంగులన్నీ పొద్దు గుంకిన తర్వాతి రంగులు. ఘుగ్గుస్ బొగ్గు లారీలు పోయాక రోడ్డు పక్క చెట్లకు ఉండే రంగు. దీపాల దగ్గర మాత్రం కొద్దిగా పసుపు. కత్తి దీపం కిందికి వచ్చినప్పుడు దాని అంచున ఒక చుక్క మెరిసి, అంచు వెంట పిడి దాకా పాకుతుంది.

శబ్దం ఒకటి నాకు అర్థం కాలేదు. కత్తికి కత్తి తగిలే చప్పుడు ముందు వినిపించేది, తగలడం తర్వాత కనిపించేది. అది కూడా కావాలని చేసిందే అనుకున్నాను. దెబ్బ పడకముందే అది మనకు తెలిసిపోవడం గురించి డైరీలో అర పేజీ రాశాను.

మూడో భాగం ఇంకా తయారు కాలేదు. కోట లోపలి వాకిలి అయి ఉంటుంది. ఒక గోడ ఉంది, ఎదురు గోడ లేదు. ఆకాశం ఉండాల్సిన చోట నలుపు. శత్రువులకు ముఖాలు, బట్టలు లేవు. బూడిద రంగు చెక్క బొమ్మల్లాగా వచ్చి, భుజాలు దించి, కత్తులు ఎత్తేవారు. ఒకడి చేతిలో కత్తి కూడా లేదు, ఖాళీ పిడికిలితోనే కొట్టాడు. నా మనిషి పడిపోయాడు. అద్దె ఇంటికి సున్నం వేయకముందే సామాను దించినట్టు ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ భాగమే. చేసేవాళ్లు మొదట ఏం చేస్తారో, తర్వాతికి ఏం వాయిదా వేస్తారో అక్కడ కనిపిస్తుంది. ముఖం కంటే ముందు భుజం చేశారు.

నాలుగు రోజులు ఇలా ఆడాను. నాలుగో రోజు బల్లెం వాళ్లు ముగ్గురూ, రెండు కత్తుల వాళ్లు ఇద్దరూ ఒక్క దెబ్బ కూడా నాకు తగలకుండా పడిపోయారు. మనుషుల మధ్య నాకు ఎప్పుడూ లేనిదేదో ఆ వంతెన మీద దొరికింది. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో చూసి, నాలో నేను అనుకుని, తర్వాత బదులు ఇచ్చేంత వ్యవధి. ఈ వాక్యం అప్పుడు డైరీలో కూడా రాయలేదు.

అయిదో రోజు ఆడకముందు మిషన్ తుడిచాను. ఎండకు టిక్లి జిగురు ఎండిపోయినట్టుంది, గుడ్డకు అంటుకుని ఊడి వచ్చింది. గుడ్డ వేలితో పాటు బటన్ మీద గట్టిగానే పడింది. బటన్ పక్కన వేగం చూపించే ఎర్ర అంకె మారింది. నేను పట్టించుకోలేదు. ఆట పెట్టాను.

వాన గీతలుగా ఉరికింది. బల్లెం వాడి భుజం కోసం చూస్తున్నాను, అది దిగడం కనిపించలేదు. నా మనిషి కింద ఉన్నాడు. మోకాళ్లు వంగడం, కత్తి జారడం ఏవీ లేవు, నిలబడ్డ మనిషి, పడ్డ మనిషి, అంతే. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. కత్తుల చప్పుడు మాత్రం ఈసారి కత్తులతో పాటే వచ్చింది.

బటన్ నొక్కి చూశాను, అంకె తగ్గింది, వాన నెమ్మదించింది. మళ్లీ నొక్కాను. నల్ల అద్దం కూడా తీసి పక్కన పెట్టాను. ఆటలో ఉన్నది సాయంత్రం కాదు, పట్టపగలు. నా మనిషి ఎర్రటి అంగీ వేసుకున్నాడు. సంత వీధిలో దుకాణాల మీద పచ్చ, పసుపు, నీలం గుడ్డలు. మా దుకాణంలో ముందు అద్దాల అలమారాలో పెట్టే పట్టుచీరెల రంగులు. బాగుంది. బాగోలేదని చెప్పను. దీన్ని చేసినవాళ్లు ఏం చేయాలనుకున్నారో అప్పుడే తెలిసింది. ఎదుటివాళ్లు గుంపుగా వస్తారు, ఆలోచన చేతికి ఉండాలి, తలకు కాదు. చేయి వేగం గలవాళ్లకు అందులో ఆనందం ఉంటుంది. నేను పదకొండుసార్లు పడిపోయి లేచాను.

తర్వాత నేను చేసిన పనులు వరసగా ఇవి. బటన్ నొక్కి వేగం తగ్గించాను. అద్దం మళ్లీ తగిలించాను. పాత టిక్లికి జిగురు లేదు కనుక నా నుదుటి మీదది తీసి బటన్ మీద అంటించాను. ఇంటికి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటి ఉంది. ఘుగ్గుస్‌లో, మాజ్రి గని కాలనీల్లో ఎవరి దగ్గరైనా మిషన్ ఉంటే అది మా మూడో నంబరు లాంటిదే అయి ఉంటుంది, కాబట్టి వాళ్లు చూడబోయేది కూడా నేను చూసిందే. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ నేను రాయకపోవడానికి కారణం అది కాదు. రాస్తే నా ఆట ఉండదు.

వ్యాసం రెండు రోజుల్లో మరాఠీలో రాసి కాకకు ఇచ్చాను. మొదట్లో ఇలా ఉంది: "ఈ ఆట తొందర పెట్టదు. ఎదుటివాడి భుజం చూసి, ఆలోచించి, అప్పుడు కత్తి ఎత్తవచ్చు. చేయి చురుకు లేనివాళ్లు కూడా గెలవగలిగే కొట్లాట ఇది." తర్వాత వాన, దీపాలు, సాయంకాలపు రంగులు, దెబ్బ కంటే ముందు వచ్చే చప్పుడు.

కాక దాన్ని రాత్రి భోజనాల దగ్గర పైకి చదివాడు. తాత ముద్ద ఆపి విన్నాడు.

"కొట్లాట చూసి రాసినట్టు లేదురా. పెండ్లి చూసి రాసినట్టున్నది," అన్నాడు.

"గదే గదా బాపూ దాంట్ల మజా," అన్నాడు కాక తాతతో.

"నువ్వు రాసినవా?"

కాక నా వైపు చూడలేదు. "మరి? పేరెవరిదున్నదో చూడు."

"నాకు చూపు లేదనే గదా నీ ధైర్యం," అన్నాడు తాత. మా బాపు నవ్వాడు. కాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బటన్ సంగతి చెప్పాలంటే ఇంకా సమయం ఉంది, పోస్టు పొద్దున కదా అనుకున్నాను. పొద్దున కాక నాకంటే ముందే లేచాడు.

వ్యాసం అచ్చయింది. నాలుగు పేజీల పత్రిక, రెండో పేజీలో కాక పేరు, కింద ఊరి పేరు. ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్ అతను రోడ్డు మీది నుంచే కేకేశాడు, నాగపూర్ నుంచి ఫోన్ అని. కాక చెప్పులు లేకుండా పోయి, అయిదు నిమిషాల తర్వాత అలాగే నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. ఆట మా మడిగెలోనే మొదలవుతుంది. జిల్లా మొత్తానికి ఆ ఆట అమ్మే మనిషి కాకే. ఆ సాయంత్రం తాత దుకాణానికి వచ్చిన ఇద్దరితో, నేను వింటుండగా, "మా చిన్నోని పేరు నాగపూర్ పేపర్ల పడ్డది," అన్నాడు. మడిగె ఇక కాకదే అని ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ నెల సిరిసిల్ల నుంచి కొత్త పార్సిళ్లు వస్తే తాత వాటిని ఇంటి వెనక రేకుల కింద పెట్టించాడు.

వానలు తగ్గాక, దసరాకు పది రోజుల ముందు, ఒక ఆదివారం సప్లైదారు జీపులో కొత్త మిషన్‌తో వచ్చాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. మడిగె నిండా మనుషులు, గుమ్మం బయట చెప్పుల కుప్ప. తాత కుర్చీ తెప్పించుకుని గుమ్మం పక్కన కూర్చున్నాడు. నేను తెర వెనక నీళ్ల గ్లాసులు నింపుతున్నాను.

కొత్త మిషన్‌కు నల్ల అద్దం లేదు. వెలుతురు గోడ దాకా పడింది. కాలేజీ పిల్లవాడొకడు కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో సంత వీధి దాటాడు. వెనక నిలబడ్డవాళ్లు కేకలు వేశారు. వాళ్లకు ఆట నచ్చింది. నచ్చడమే చిక్కయింది. ఒకడు పత్రిక తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఈ ఆట తొందర పెట్టదు... కాకా, స్లో మోషన్ కుఠే గేలా?" ఆ నిదానం ఎటు పోయిందని.

"కాకా ఆడుతూ ఆడుతూ పడుకున్నడు రా," అన్నాడు ఇంకొకడు తెలుగులో. "కలల జూసి రాసిండు."

"సాయంకాలం రంగులట. ఏడున్నది సాయంకాలం? కాకాకు శుక్లం వచ్చినట్టున్నది."

కాక కూడా వాళ్లతో నవ్వుతున్నాడు. అప్పటికి ఆయన నిజంగానే ఆట మొదటిసారి చూస్తున్నాడు కనుక ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

మాజ్రి గని ఆఫీసులో పనిచేసే గుమస్తా ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. పత్రికను నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు. కుడి చేతికి రెండు వేళ్లు లేవు. చాలాసేపు వెనకే నిలబడి, జనం కొంచెం తగ్గాక, నేనోసారి చూడనా అని అడిగి కూర్చున్నాడు. బల్లెం వాడు ఆయనను వంతెన మొదట్లోనే పొడిచాడు. మళ్లీ ప్రయత్నించాడు. నాలుగోసారి తర్వాత లేచి, కుర్చీ సర్ది, కాక దగ్గరికి వచ్చాడు. ఆయన మాటలో వెటకారం లేదు.

"మీరు రాసిన ఆట ఇంకో మిషన్‌ల ఉన్నదా అన్నా?"

కాక సప్లైదారు వైపు చూశాడు. సప్లైదారు గ్లాసు కింద పెట్టి, మీరు దీన్ని దేని మీద చూశారని మరాఠీలో అడిగాడు. కాక మూడో నంబరు చూపించాడు. సప్లైదారు వంగి, బటన్ మీది టిక్లిని గోటితో తీసి, వేలి చివర పెట్టుకుని చూశాడు.

"అరె," అన్నాడు కాక. "అది నేనే పెట్టిన గదా. కారు ఆట కోసం." తర్వాత గుంపు వైపు తిరిగి, "తప్పు నాదే. నాకే యాది లేకుండె," అన్నాడు.

నా చేతిలో గ్లాసుల పళ్లెం ఉంది. తెర అవతలికి రెండు అడుగులు. మొదట అంటించింది ఆయనే, కానీ అప్పుడు సప్లైదారు వేలి మీద ఉన్నది నేను అంటించింది. చెప్పాల్సిన వాక్యం మరాఠీలోనా తెలుగులోనా అని ఆలోచించినట్టు గుర్తు. ఈలోపల తాత కుర్చీలోంచి లేచి, కర్ర తీసుకుని, దుకాణంలోకి వెళ్లిపోయాడు. తర్వాత ఎవరో నీళ్లు అడిగారు. నీళ్లు ఇచ్చాను.

సప్లైదారు మర్యాదగానే ప్రవర్తించాడు. కొత్త మిషన్ వారం రోజులు ఉంచుతానని చెప్పి, మూడో రోజే మనిషిని పంపి తెప్పించుకున్నాడు. జిల్లా పని బల్లార్పూర్‌లో ఒక దుకాణానికి వెళ్లింది. మడిగెకు వచ్చే పిల్లలు కొంతకాలం నవ్వడానికి వచ్చారు, తర్వాత రాలేదు. టైపింగ్ నేర్చుకునేవాళ్లు కూడా, బటన్ సంగతే తెలియనివాడు ఏం నేర్పుతాడని ఒకరొకరుగా మానుకున్నారు. దీపావళికి నాలుగు రోజుల ముందు తాత రెండు చీరెల మూటలు పంపి, "రెండు రోజులు గా మూలకు ఉండనీ," అని చెప్పించాడు. ఆ మూటల వెనక ఇంకో ఆరు వచ్చాయి. కాక మిషన్లకు గుడ్డ కప్పి, తానే మూటలు లోపలికి మోశాడు.

ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే దగ్గర కంప్యూటర్ మీద కూర్చోవడానికి మనిషి కావాలని ఎవరో చెప్పారు. కాక గద్దె మీద కూర్చోవడం కంటే అదే నయమన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. పండుగలకు వస్తాడు, సిమెంటు పొడికి దగ్గుతాడు, ఏం పుస్తకం చదువుతున్నావని అడుగుతాడు. ఆ ఆట మాట మా ఇద్దరి మధ్య రాదు. గని గుమస్తాను తర్వాత ఎప్పుడూ చూడలేదు.

కాక వెళ్లే రోజు పొద్దున బస్టాండుకు నేనే సద్ది డబ్బా పట్టుకుని వెళ్లాను. రాత్రంతా ఆ చెప్పాల్సిన వాక్యం తయారు చేసుకున్నాను. చిన్న వాక్యం, తెలుగులోనే. కాక కిటికీ పక్కన కూర్చున్నాడు. డబ్బా ఇవ్వడానికి బస్సెక్కి, ఇచ్చిన తర్వాత కూడా ఆయన సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా ముఖం చూసి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాడు. చాలాసేపే ఎదురుచూశాడు. నేను "కాకా" అన్నాను. కండక్టర్ గంట కొట్టాడు.

"బండి కదుల్తున్నది, దిగు బిడ్డా," అన్నాడు. "చెప్పేది ఏదన్న ఉంటే ఉత్తరం రాయి."